పంపినవాడే వెళ్లినప్పుడు: డోర్నకల్‌లో అజరయ్య గారి పరిచర్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించిన తమిళుడు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పలుచోట్ల సంచరించి పేరు పొందారు. 1903లో భారతీయుల కానుకలతో, భారతీయ సేవకులతో నడిచే తిరునెల్వేలి మిషనరీ సంఘ స్థాపనకు ముఖ్య కారకులయ్యారు. ఆ సంఘము డోర్నకల్ ప్రాంతమును తన సేవాక్షేత్రముగా ఎన్నుకొన్నది.

అయితే ఇతరులను పంపుటతోనే ఆయన తృప్తి చెందలేదు. 1909లో ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకల్‌కు తానే తరలివచ్చారు. సుమారు 35 ఏండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొని, ముఖ్యముగా మాల, మాదిగ పల్లెలలో సేవచేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిన తరువాత కూడ, 1945లో మరణించువరకు, డోర్నకలే ఆయన కార్యక్షేత్రము.

బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని, 1 కొరింథీ 9:16లోని పౌలు మాటలు పలుకునట్లు ఆయన నేర్పించారు. తాను బయలుదేరి వచ్చినవాడు గనుకనే, క్రొత్త విశ్వాసులను కూడ బయలుదేరుమని చెప్పగలిగారు.

నేడు పట్టణ సంఘమును, సొంత భాషను, సొంతవారిని కోరుకొను మనము, మనమే వెళ్లని చోటికి విశ్వాసులను ఎట్లు పంపగలము? ఈ ప్రశ్నకు కాపరులమైన మనమే మొదట జవాబు చెప్పవలసియున్నది.