బస్తర్ విల్లు బలమెంత?

1910 ఆరంభంలో బస్తర్ పల్లెల్లో మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, వాటితో పాటు బాణం ఊరి నుంచి ఊరికి వెళ్లాయి. బ్రిటిష్ పాలన మీద లేచిన భూంకాల్ తిరుగుబాటుకు అదే కబురు. నేతానార్ ఊరి నాయకుడు గుండాధుర్ వెంట నడిచిన ఆదివాసుల చేతుల్లో విల్లంబులున్నాయి. తుపాకీ ముందు విల్లు ఏపాటిదని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ విల్లు ఎంత దూరం కొడుతుందో, బాణం ఎంత లోతుకు దిగుతుందో కొలిచి చూడకుండా అనే మాట అది.

కొలిచే విద్య ఉంది. పాత పనిముట్టును పాత పద్ధతిలోనే మళ్లీ తయారుచేసి, వాడి చూడటమే ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం. అమెరికాలో సాక్స్‌టన్ పోప్ అనే సర్జన్ యాహి తెగకు చెందిన ఇషి దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. దేశదేశాల విల్లులను ఎక్కుపెట్టి కొలిచి, 1923లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడను ఇంగ్లండ్‌లో 1982లో పైకి తీశారు. అందులోని విల్లులకు నకళ్లు చేసి లాగి చూశారు. కానీ వాటిని చేసినవాళ్లు పోయి నాలుగున్నర శతాబ్దాలైంది. ఏ చెక్క ఎప్పుడు కోశారో, ఎలా ఆరబెట్టారో అడగడానికి ఎవరూ లేరు.

బస్తర్‌లో అడగడానికి మనుషులున్నారు. నా దృష్టిలో దీనికి మించిన సంపద లేదు.

ఇక్కడి వెదురు విల్లుకు అల్లెతాడు కూడా వెదురే. పైబెరడును సన్నగా చీల్చి, నునుపుగా గీకి, కొసలను నారతో బిగిస్తారు. నూలుతాడులా అది సాగదు. వానకు తడిస్తే దాని పట్టు ఎంత తగ్గుతుంది? పరీక్షలో ముందు తేల్చాల్సిన సంగతి ఇదే. పిట్టలకు మొద్దు కొస బాణం, పెద్ద జంతువుకు ఇనుప ములికి. రెండింటినీ విడివిడిగా తూచాలి.

పద్ధతి కష్టమేం కాదు. స్ప్రింగు త్రాసు తగిలించి, అల్లెతాడును కొంచెం కొంచెంగా లాగుతూ, ఒక్కో సెంటీమీటరు దగ్గర బరువు రాసుకోవాలి. ఆ అంకెలతో గీత గీస్తే, దాని కింది వైశాల్యం విల్లులో దాగిన శక్తి ఎంతో చెబుతుంది. తర్వాత బాణం వేగం. 40 గ్రాముల బాణం సెకనుకు 40 మీటర్లు పోతే దాని శక్తి 32 జౌళ్లు. దాచిన శక్తిలో ఎంత బాణానికి చేరిందో అప్పుడు తెలుస్తుంది.

బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లో, మానవశాస్త్రవేత్త ఎల్విన్ 1947లో ఇక్కడి గోండుల జీవితంపై పెద్ద పుస్తకాలు రాశారు. ఇప్పుడు కొలతలు కావాలి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి గురి జంతువు కాకూడదు, తడిమట్టి దిమ్మ చాలు. విల్లు చేసినవాడికి కూలి ఇచ్చి పంపేయకుండా, ఏ విల్లు ఎక్కుపెట్టాలో, ఎవరు లాగాలో అతన్నే నిర్ణయించనివ్వాలి. నివేదిక మీద అతని పేరూ ఉండాలి.