తామ్రశాసనములఁ జెక్కిన యులి

తామ్రశాసనములను జదువువారు రాజుల పేర్లను, దానగ్రామముల యెల్లలను, శకవర్షములను వెదకుదురు. అక్షరములను రేకుపై నిలిపిన యులిని గూర్చి విచారించువారు తక్కువ. ఉలిమొన తీరును, దానికి సానపట్టు విధమును ఎఱుఁగక శాసనపాఠమును నిర్ణయించుట కొన్నియెడల దోషహేతువగును. దీనినే యిందు నిరూపింపఁ బూనితిని.

క్రీ. శ. 1053 ప్రాంతమునాఁటి రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమున కావ్యకర్త నన్నయభట్టు, లేఖకుఁడు గండాచార్యుఁడు. శ్రీకృష్ణదేవరాయల తామ్రశాసనములు పెక్కింట రచయిత సభాపతి. తరువాతి పని మల్లణపుత్రుఁడగు వీరణాచార్యునిది. ఈ వీరణాచార్యుని శాసనములు ‘త్వష్ట’ యనుచున్నవి. కాని యాతఁడు చేసిన పనిని జెప్పునప్పుడు ప్రయోగించినది లిఖధాతువునే. లిఖించినవాఁ డనఁగా మసితో వ్రాసి యిచ్చినవాఁడా, ఉలితోఁ జెక్కినవాఁడా, రెండును జేసినవాఁడా? ఆచార్యాంతనామము కంసాలులలోఁ బ్రసిద్ధమగుటచే గండాచార్యుని విషయమునను ఈ సందేహమే కలుగును.

వ్యాకరణము కొంత వెలుఁగు చూపును. ధాతుపాఠమున లిఖధాతువునకు అక్షరవిన్యాస మర్థము. ప్రయోగమున గీఁకుటయు నర్థమే. ‘ఉత్కీర్ణ’ శబ్దమన్ననో విక్షేపార్థకమగు కౄధాతువునకు ఉత్ అను నుపసర్గము చేరఁగా నేర్పడినది. పైకెగసి చెదరినది యని దాని యవయవార్థము. ఉలి నడచినప్పుడు రాగితునుక చుట్టగా లేచి పడుటను జూచినవారి కీ శబ్దము స్పష్టము. త్వష్టృశబ్దమును త్వక్షధాతువునుండి సాధించుట కలదు. ఆ ధాతువున కర్థము తనూకరణము, అనఁగాఁ బలుచన చేయుట. శాత, నిశిత శబ్దములకు మూలమగు శోధాతువునకును అర్థము తనూకరణమే. చెక్కుటయు, పదును పెట్టుటయు నొక్క యర్థముననే చేరినవి. రాగిని దొలుచువాఁడు ముందుగాఁ దన యులిని దనూకరింపవలయును గదా!

ఆ పని యెట్టిది? చదునుమొన గల యులిని ఉక్కుతోఁ జేసి, ఎఱ్ఱగాఁ గాల్చి ముంచి కఠినపఱచి, మరల గడ్డిరంగు వచ్చువఱకు వెచ్చఁజేసి పెళుసుతనమును దగ్గింతురు. పిమ్మట సానపై దాని ముఖమును ఏటవాలుగా నూఱుదురు. నేఁటి చెక్కుడుపనివారికి 45 డిగ్రీల వాలు సామాన్యము. అడుగుప్రక్కను మొనయొద్ద 15 మొదలు 20 డిగ్రీల వఱకు ఎత్తి చిన్న మడమను దీర్తురు. ఈ మడమ లేనియెడల ఉలి లోనికి దూఱుకొనిపోవును. మితిమీఱినచో పైనుండి జాఱును. ముఖమును అడుగును గలియు గీఁతయే వాదర. రాగి మెత్తనిదే కాని జిగటయైనది. మడమ నునుపుగా లేకున్న గాడి గరుకగును. అందుచే ముదుకసాన తరువాత నున్నసానపై మెఱుఁగు వచ్చునట్లు దిద్దుదురు. తెనుఁగున ‘పదను’ అను నొక్కమాట వానకుఁ దడిసి దున్నుటకుఁ దగిన నేలకును, కాఁకచే సరియైన పాకమునకు వచ్చిన యుక్కునకును, దాని వాదరకును జెల్లుట గమనింపఁదగినది.

ఇట్టి యులిని చేతితోఁ ద్రోయవచ్చును, సుత్తితోఁ గొట్టి నడపవచ్చును. చదునుమొన గాడి యడుగును సమముగాఁ జేయును. అది వంపును ఒక్కమాఱుగాఁ దిరుగలేదు. చిన్న చిన్న కోతల వరుసగా వంపు తీరును. సుత్తిదెబ్బ యొక్కొక్కటి గాడిలో మెట్టువలె నిలుచును. రేకు పలుచనిదైన వెనుకవైపున నుబ్బును. వాదరకొన విఱిగినచో గాడినడుమ సన్నని గట్టు మిగులును. జాఱిన యులి మాత్రము గాడి చివర క్రమముగా సన్నగిల్లు గీఁకను విడుచును. ఫ్లీటు దొర తామ్రశాసనములను వర్ణించునపుడు అక్షరముల లోపల నులి నడచిన జాడలు కనఁబడుచున్నవని పలుమాఱులు వ్రాసియుంచెను. ఆ జాడలు వర్ణనకే కాక పాఠనిర్ణయమునకును బనికివచ్చును.

ఎట్లన, తరువాతికాలపుఁ దెలుఁగులిపిలో మహాప్రాణమును దెలుపునది అక్షరము క్రింది చిన్ననిలువుగీఁత. అది గాడియంత వెడల్పున, సమమగు నడుగుతో నున్నచో త్వష్ట బుద్ధిపూర్వకముగాఁ జెక్కినది. సూదివలె సన్నగిల్లి యున్నచో జాఱుపాటు. ఈ భేదమును గమనింపక అల్పప్రాణమును మహాప్రాణముగాఁ జదివి, పిమ్మట కవి కపశబ్దదోషము నంటఁగట్టుట న్యాయము కాదు. అట్లే నిజమైన దోషమును ఉలిపై నెట్టి పాఠమును సంస్కరించుటయు న్యాయము కాదు. కవి తప్పు, లేఖకుని తప్పు, త్వష్ట తప్పు వేర్వేఱు. మూఁడవదానికి సాక్షి గాడి యొక్కటియే.

ఈ విచారము రాజశాసనములతో ముగియదు. 1922లో వెలుఁగునకు వచ్చిన తిరుమల తాళ్ళపాకవారి రాగిరేకులు రెండువేలకు మించియున్నవి. అన్నమాచార్యాదుల సంకీర్తనములు మనకు దక్కుట కవియే యాధారము. అంతటి గ్రంథమును జెక్కుటలో నెన్నిమాఱులు ఉలి మొద్దువాఱి సాన నెక్కియుండునో యూహింపవచ్చును.

కాఁబట్టి ప్రాఁతరేకులు దొరకినప్పుడు వానిని చింతపండుతోఁ దోమి, ఇసుకతో రుద్ది మెఱయింపరాదు. అట్లు చేసినచో అక్షరము మిగిలినను గాడియంచు అరిగి, సాక్ష్యము నశించును. అచ్చుప్రతి తీసికొనుటతోఁ దృప్తినొందక, ప్రక్కవెలుఁగులో భూతద్దముతో గాడి యడుగును బరీక్షింపవలయును. సంశయస్థలములందు చెక్కుడుపని యెఱిఁగిన కంసాలిని బ్రక్కఁ గూర్చుండఁబెట్టుకొనుట పండితునకు లాఘవము గాదు. శాసనము నేఁటివఱకు నిలుచుటకుఁ గవివాక్కుతోఁ బాటు ఆ చేతిపనియుఁ గారణము.