ఖరాద్: తిరిగే ఇనుమూ దూరం జరిగిన చెయ్యీ

మా మామూ ఖరాదీ. మా ఇంట్లో లేత్ మిషన్ని లేత్ అని ఎవరూ అనరు, ఖరాద్ అనే అంటారు. మామూ ఎడమచేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. పండగనాడు ఆ చేత్తోనే మాకు ఈదీ ఇచ్చేవాడు. నోటు జారకుండా బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పట్టుకునేవాడు. ఆ వేళ్ళు ఎలా పోయాయో చెప్పాలంటే ముందు ఖరాద్ తారీఖ్ కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆ తారీఖంతా మనిషి చెయ్యి తిరిగే వస్తువు నుంచి దూరం జరగడమే.

మాట సంగతి ముందు చూద్దాం. అరబ్బీలో ఖర్రాత్ అంటే వస్తువును తిప్పుతూ చెక్కేవాడు. ఆ మాటే ఫార్సీ మీదుగా ఉర్దూకి ఖరాద్ అయి వచ్చింది. తెలుగులో తరిమెన అనే పాత మాట ఉంది గానీ మన కార్ఖానాల్లో అది ఇప్పుడు వినిపించదు.

పని మాత్రం మాట కన్నా చాలా పాతది. ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. సుమారు క్రీ.పూ. 300 నాటిది. అందులో ఒకడు తాడు లాగి పనిముక్కను తిప్పుతుంటే ఇంకొకడు దానికి ఉలి ఆనించి ఉంటాడు. ఆ తర్వాత ఒక్క మనిషే రెండు పనులూ చేయడం నేర్చుకున్నాడు. ఖాహిరా పాత ఇళ్ళ కిటికీలకు మష్రబియా జాలీలు ఉంటాయి కదా, వాటిలోని చిన్న చిన్న కర్ర గుండ్లన్నీ ఖరాద్ పనే. ఉస్తాద్ నేల మీద కూర్చుని ఒక చేత్తో కమాన్ ఆడించేవాడు. రెండో చేత్తోనూ కాలి వేళ్ళతోనూ ఉలిని అదిమి పట్టేవాడు. మన ఏటికొప్పాక లక్క బొమ్మలదీ ఈ ఖాందానే. అంకుడు కర్ర తిరుగుతుండగా ఉలితో చెక్కి, దాని మీద లక్క ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది.

ఆ కాలపు ఖరాద్‌లో ఒక మేలు ఉండేది. తిప్పేది మనిషి బలమే. ఏదైనా చిక్కుకుంటే చెయ్యి ఆగేది, దాంతో పాటు ఖరాదూ ఆగేది.

ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి చాలలేదు. చేత్తో పట్టిన ఉలి ఇనుము మీద అదురుతుంది, ఒకే కొలత నిలవదు. 1751 ప్రాంతంలో ఫ్రాన్సులో వోకాన్సన్ అనే ఆయన ఇనప పట్టాల మీద జరిగే బండికి ఉలిని బిగించాడు. ఆ ఖరాద్ ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉంది. ఈ పనిని కార్ఖానాలో నిలబెట్టినవాడు మాత్రం హెన్రీ మాడ్స్‌లే. 1771లో పుట్టాడు. పన్నెండేళ్ళకే ఊలిచ్ ఆయుధాగారంలో తూటాలు నింపే పనిలో చేరాడు. అక్కడి నుంచి బ్రామా అనే తాళాల ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. తలబ్ పెంచమంటే బ్రామా కాదన్నాడు. 1797లో బయటికొచ్చి సొంత దుకాణం పెట్టాడు. 1800 ప్రాంతంలో ఆయన తయారు చేసిన ఖరాద్‌లో ఉలి బండిని ఒక పొడవాటి మరకడ్డీ నడిపేది. గేర్లు మారిస్తే మర కూడా మారేది.

అంతకు ముందు ఏ బోల్టు నట్టు దానిదే. పక్క బోల్టుది దీనికి పట్టేది కాదు. మాడ్స్‌లే దగ్గర పనిచేసిన విట్‌వర్త్ 1841లో మరలన్నిటికీ ఒక లెక్క ప్రతిపాదించాడు. ఈరోజు సైకిల్ షాపుకెళ్ళి కొలత చెప్పి నట్టు అడగగలుగుతున్నామంటే ఆ మెహనత్ వల్లే.

అయితే మేలు వెంటే ఇంకోటి వచ్చింది. మాడ్స్‌లే మిషన్లు పోర్ట్స్‌మత్ నౌకా కార్ఖానాలో ఓడల కప్పీలు చేశాయి. నూటపది మంది హునర్‌మంద్‌లు చేసే పని, హునర్ లేని పది మంది చేశారు. తిప్పే బలం ఆవిరిదైంది, తర్వాత కరెంటుదైంది. చొక్కా చెయ్యి చిక్కితే ఆవిరికి నొప్పి తెలియదు. బ్రిటన్‌లో బట్టల మిల్లుల మిషన్లకు కంచె కట్టాలని ఖానూన్ చెప్పింది 1844లో.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఈ మాటను వివరంగానే రాసింది. తిరిగే మిషన్ దగ్గరికి వెళ్ళి సరిచూడాల్సిన మనిషి తర్ఫీదు పొంది ఉండాలి, ఒంటికి అతుక్కున్న బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు యజమానే ఇవ్వాలి, అతని పేరు రిజిస్టర్‌లో ఉండాలి. చదివితే ఎవరో ఖరాద్ పక్కన నిలబడి చూసి రాసినట్టుంటుంది. కానీ ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది మజ్దూర్లు ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీ అంది.

మా మామూ పనిచేసిన చోట నలుగురే. ఓ గల్లీలో రేకుల షెడ్డు. పెద్ద ఫ్యాక్టరీ వేలంలో అమ్మేసిన పాత ఖరాద్. చలికాలం పొద్దున స్వెట్టర్ వేసుకుని ఒక షాఫ్ట్ తిప్పాడు. కొలత సరిపోయింది. మెరుపు రావాలని ఎమరీ పేపర్ షాఫ్ట్‌కి చుట్టి, రెండు కొసలూ ఎడమచేత్తో పట్టుకున్నాడు. అందరూ అలానే చేసేవారు. పేపర్ షాఫ్ట్‌కి బిగుసుకుంది, వేళ్ళను లోపలికి లాగింది. మాలిక్ ఆస్పత్రి బిల్లు కట్టాడు, పదిహేను రోజుల జీతం ఇచ్చాడు. రిజిస్టరే లేదు కనక మామూ పేరు ఎక్కడా లేదు.

ఎక్కడ జరిగిందో చూడండి. కోత అంతా బండి మీది టూలు చేసింది, అప్పుడేమీ కాలేదు. రెండు వందల ఏళ్ళ కింద ఉలిని చేతిలోంచి తీసి బండికి బిగించారు. చివరి మెరుపు కోసం మామూ చెయ్యి మళ్ళీ పాత చోటుకి వెళ్ళింది.

ఇప్పుడు మామూకి సొంత చిన్న ఖరాద్ ఉంది. కొత్త షాగిర్ద్ వస్తే మొదటి వారం స్విచ్ ముట్టనివ్వడు. ముందు లెవెల్ పెట్టి బెడ్ చూపిస్తాడు. బెడ్ మెలితిరిగి ఉంటే జాబ్ ఒక కొస లావు, ఒక కొస సన్నం వస్తుంది. టూలు మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి, టూలు పోస్ట్ నుంచి ఎక్కువ బయటికి రాకూడదు. జాబ్ తన లావుకి మూడింతలకు మించి చక్కు బయట ఉంటే టెయిల్‌స్టాక్ ఆనించాలి. స్పీడ్‌కి నోటిలెక్క చెప్తాడు: నిమిషానికి ఎన్ని మీటర్ల కోత కావాలో దాన్ని 320తో గుణించు, జాబ్ లావు మిల్లీమీటర్లతో భాగించు. మెత్తని ఇనుముకి, హైస్పీడ్ స్టీల్ టూలుకి 30 మీటర్లు అనుకుంటే 25 మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 380 చుట్లు.

ఆ తర్వాత ఖబర్దార్ పాఠం. చక్ కీ చక్కులో ఉండగా చెయ్యి దాని మీంచి తియ్యకూడదు. తీస్తే కీ కూడా చేతితోనే రావాలి. స్విచ్ వేసే ముందు చక్కుని చేత్తో ఒక చుట్టు తిప్పి, దవడలు టూలుకీ బండికీ తగలవని చూసుకోవాలి. స్విచ్ వేసేటప్పుడు చక్కుకి ఎదురుగా నిలబడకూడదు. కళ్ళద్దాలు ఉండాలి. గ్లౌజులు, ఉంగరం, మఫ్లర్, వదులు చేతుల చొక్కా ఉండకూడదు. బురాదాని బ్రష్‌తో, పొడవాటి చుట్టల్ని కొక్కెంతో, అదీ మిషన్ ఆగాకే తియ్యాలి. తిరుగుతుండగా కొలవకూడదు. ఎమరీ వాడాలంటే ఆకురాయికి ఆనించి పట్టుకోవాలి, జాబ్‌కి చుట్టకూడదు.

చివరి మాట చెప్పేటప్పుడు మామూ ఎడమచెయ్యి బెడ్ మీద పెట్టి చూపిస్తాడు. షాగిర్ద్ ఎవరైనా ఇంకోసారి అడిగింది నేను చూడలేదు. మొన్న వెళ్ళినప్పుడు గోడకి రెండు బిగుతు చేతుల కాకీ చొక్కాలు వేలాడుతున్నాయి, షాగిర్దుల కోసం తనే కుట్టించాడట. ఆయన షెడ్డులో ఉన్నది ఇద్దరే. ఇవ్వాలని ఏ ఖానూనూ ఆయన్ని అడగలేదు.