హాల్లో ఎనిమిది అడుగులు

ఆదివారం పొద్దున ఆరున్నర. మణికొండలో ముసురు పట్టింది. రాత్రి మొదలైన వాన ఇంకా వదల్లేదు. గోల్కొండ కోట పక్కనున్న గోల్ఫ్ కోర్సుకి ఇవాళ వెళ్లే పని లేదు. అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చి బాల్కనీ తలుపు తీసింది, ఒకసారి ఆకాశం వంక చూసింది, తలుపు మూసేసింది. హాల్లోకి వచ్చి సెంటర్ టేబుల్‌కి ఒక పక్క చెయ్యేసి, "నాన్నా, అటు పట్టు" అంది.

టేబుల్ గోడవారకి వెళ్లింది. మోడాలు రెండూ బెడ్‌రూమ్‌లోకి వెళ్లాయి. సోఫా దగ్గర్నుంచి టీవీ స్టాండు వైపు నేల ఖాళీ అయింది. రెండడుగుల టైల్స్ వరసగా నాలుగు, ఆపైన గోడ దాకా ఇంకాస్త చోటు. నాలుగు టైల్స్ అంటే ఎనిమిది అడుగులు. ఈ పూట మా ఆటస్థలం ఇదే.

ఎనిమిది అడుగులే కదా అనిపిస్తుంది. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్‌కి కూడా ఎనిమిది అడుగుల పట్, అంటే బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ, సుమారుగా రెండింట ఒకటే పడుతుంది. మూడడుగుల నుంచైతే దాదాపుగా తప్పదు. అంటే ప్రపంచంలోని మేటి ఆటగాళ్లకి సైతం గెలుపోటములు తేలే దూరం మా హాల్లో రెండో టైల్‌కీ నాలుగో టైల్‌కీ మధ్య పడి ఉంది. పార్ 72, అంటే 72 దెబ్బల్లో ముగించాల్సిన కోర్సులో, హోల్ ఉండే ఒక్కో గ్రీన్‌కి రెండు పట్‌ల చొప్పున 18 గ్రీన్లకి 36 లెక్కేస్తారు. లెక్క ప్రకారం సగం ఆట పట్ కొట్టే కర్రది, పటర్‌ది. దూరానికి కొట్టే డ్రైవర్‌కి మైదానం కావాలి. పటర్‌కి ఇల్లు చాలు.

"ముందు జంపఖానా" అంది అమ్మాయి. అటక మీది జంపఖానా దించాం. వరంగల్ కొత్తవాడలో నేసింది, మా అమ్మ ఎన్నాళ్లనుంచో దాచుకున్నది. ఉత్త టైల్ మీద బంతి నిలవదు, మెల్లగా తాకించినా గోడ దాకా పోతుంది. జంపఖానా మీదైతే నూలు పోగులు దాని వేగాన్ని పట్టుకుంటాయి. మడతల గుర్తులు పోయేదాకా అరచేత్తో రుద్ది, నాలుగు మూలలా లావుపాటి పుస్తకాలు పెట్టాం. అంచు వెంబడి ఎర్రచార ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిన్నగా పోతుంది. మా లైన్ అదే. టీవీ స్టాండు ముందు పాత దిండు అడ్డం పెట్టాం, కింది ఫ్లోర్ వాళ్లు ఆదివారం పూట కాస్త ఆలస్యంగా లేస్తారు.

పటర్ ఇంకా బ్యాగులోనే ఉంది. అమ్మాయి చేతిలో ఉన్నది ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ ముక్క, గోడ మీద కరెంటు వైర్లకి బిగించే రకం. దాని ఒక చివర పుస్తకాల మీద ఆనించి, పైనుంచి బంతి వదిలింది. బంతి పట్టీ దిగి, జంపఖానా మీదికి వచ్చి, నెమ్మదిస్తూ మూడో టైల్ దాటాక ఆగింది. అక్కడ సుద్దముక్కతో గీత గీసింది. ఇంకోసారి వదిలింది. అదే చోటు.

గోల్ఫ్‌లో గ్రీన్ల వేగం కొలిచే పద్ధతి ఇదే. 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అక్కడి గ్రీన్లు మరీ వేగమని భావించి, ఆ వేగాన్ని కొలవడానికి ఒక పట్టీ తయారుచేశాడు. ఇప్పుడు వాడే స్టింప్‌మీటర్ మూడడుగుల అల్యూమినియం పట్టీ. నెమ్మదిగా పైకెత్తితే ఒక వాలు దగ్గర బంతి దానంతటదే జారుతుంది. నేల మీద ఎన్ని అడుగులు పోతే గ్రీన్ వేగం అంత. మామూలు కోర్సుల్లో ఎనిమిది నుంచి పది, పెద్ద పోటీల్లో పదకొండు, పన్నెండు. మా కేసింగ్ పట్టీ అంత ఖచ్చితమైంది కాదు. కానీ నిన్నటి నేలా ఇవాళ్టి నేలా ఒకేలా ఉన్నాయో లేదో చెబుతుంది. ఆ తేడా తెలియకుండా చేసిన సాధన చేతికి ఏమీ నేర్పదు.

ఇప్పుడు పటర్ వచ్చింది. బంతి కింద బొట్టు అద్దం పెట్టాను. అమ్మాయి పాదాలు సర్దుకుని వంగింది. అద్దంలో తన కళ్లు తనకే కనిపిస్తున్నాయి. ఎడమ కన్ను బంతికి సరిగ్గా పైన, ఎర్రచారకి మీదుగా రావాలి. తల కాస్త లోపలికి ఉంటే లైన్ ఒక రకంగా, బయటికి ఉంటే ఇంకో రకంగా కనిపిస్తుంది. నిలబడే తీరు రోజూ ఒకేలా ఉండాలంటే అద్దాన్ని మించిన గురువు లేడు. "వచ్చింది" అంది. నేను అద్దం తీసేశాను.

బంతి చుట్టూ మార్కర్‌తో నల్లగీత గీసి ఉంది. ఆ గీతని ఎర్రచార వెంట నిలబెట్టింది. భుజాలు రెండూ కలిసి వెనక్కి, కలిసి ముందుకి. మణికట్టు కదల్లేదు. టక్.

నేల మీదికి వంగి ఆ బంతిని చూడండి. పటర్ ముఖానికి మూడు నాలుగు డిగ్రీల ఏటవాలు ఉంటుంది. దెబ్బ తగిలిన వెంటనే బంతి దొర్లదు, మొదట కాస్త జారుతుంది. నల్లగీత ఓ క్షణం కదలనట్టే ఉండి, ఆ తర్వాత తిరగడం మొదలవుతుంది. దెబ్బ నిటారుగా తగిలి ఉంటే గీత అల్లాడదు, బంతి మధ్యలో ఒకే నల్లటి పట్టీలా కనిపిస్తూ పోతుంది. ముఖం కొంచెం వంకర తిరిగి ఉంటే గీత అటూ ఇటూ ఊగుతుంది. ఇప్పుడు వెళ్తున్న బంతి మీద గీత ఊగింది. అమ్మాయి తలెత్తకుండానే, "తెలిసింది నాన్నా, చేతిలోనే తెలిసింది" అంది.

ఆ ఊగడం ఎంత ఖరీదో లెక్క చూద్దాం. గోల్ఫ్ హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. 1891 నుంచి ఇదే కొలత. నడిమధ్యకి గురిపెడితే అటు రెండు అంగుళాల పైచిలుకు, ఇటు అంతే. పటర్ ముఖం ఒక్క డిగ్రీ తిరిగి, బంతి ఆ దారినే బయల్దేరితే, పదడుగులు పోయేసరికి రెండు అంగుళాలు పక్కకి జరుగుతుంది. అంటే సరిగ్గా హోల్ అంచు మీదికి. కంటికి ఆనని ఒక్క డిగ్రీ పడాల్సిన పట్‌ని తప్పిస్తుంది. పట్ ఏ దిక్కున బయల్దేరాలో తేల్చేది ముఖ్యంగా ఆ ముఖమే, చేతులు ఊగిన దారి కాదు.

అందుకే ఇంట్లో మొదటి పాఠం గేటు. క్యారమ్స్ డబ్బాలోంచి రెండు కాయిన్లు తీసి, బంతికి ముందు అరమీటరు దూరంలో, ఎర్రచారకి చెరోవైపు పెట్టింది. మధ్య సందు ఐదు సెంటీమీటర్లు. బంతి వ్యాసం 4.27 సెంటీమీటర్లు. అటూ ఇటూ మిగిలింది నాలుగు మిల్లీమీటర్ల లోపే. ఈ సందులోంచి తగలకుండా పోయిన బంతి తిన్నగా దొర్లితే మూడు మీటర్ల దూరంలో కూడా హోల్ లోపలికే వస్తుంది. టైగర్ వుడ్స్ రెండు టీలు గుచ్చి పటర్ తల వాటి మధ్యనుంచి పోయేలా చేసే సాధన ప్రపంచమంతా చూసింది. అతని గేటు పటర్‌కి, మాది బంతికి. వెతికేది మాత్రం ఒకటే.

బంతి పోయింది. కాయిన్ టిక్కుమని పక్కకి జరిగింది. మళ్లీ పెట్టింది. టక్. ఈసారి శబ్దం లేదు. దిండుకి తగిలిన మెత్తటి చప్పుడు మాత్రం వచ్చింది. తల ఇంకా కిందికే ఉంది.

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ, "బంతి పోయింది కదే అమ్మలూ, ఇంకా నేలకేసి చూస్తావేం?" అంది.

"చెవితో చూస్తున్నా నాయనమ్మా."

నిజమే. పొట్టి పట్‌లు తప్పేది ఎక్కువగా తల తొందరపడి లేచినప్పుడు. తల లేస్తే భుజం తెరుచుకుంటుంది, భుజంతో పాటు ముఖం తిరుగుతుంది. 1970లో సెయింట్ ఆండ్రూస్‌లో డగ్ శాండర్స్ అనే గోల్ఫర్ బ్రిటిష్ ఓపెన్ గెలవడానికి చివరి గ్రీన్ మీద మూడడుగులు కూడా లేని పట్ వేయాల్సి ఉంది. నిలబడ్డాక మధ్యలో వంగి నేల మీదిదేదో తీయబోయాడు, మళ్లీ సరిగా సర్దుకోకుండానే కొట్టాడు. బంతి పక్కకి పోయింది. మర్నాడు ప్లేఆఫ్‌లో జాక్ నిక్లస్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. శాండర్స్‌కి మేజర్ టైటిల్ ఎన్నడూ దక్కలేదు. మూడడుగులు మా హాల్లో టైల్‌న్నర. అంత దూరానికి కూడా నిలబడే క్రమం మొదట్నుంచీ చివరిదాకా తప్పకూడదు.

లైన్ కుదిరాక వేగం. స్టీలు గ్లాసు పడుకోబెట్టి అందులోకి కొట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. అది వద్దు. గ్లాసు అడుగు ఎంత వేగంతో వచ్చిన బంతినైనా ఆపేస్తుంది, వేగం ఎక్కువైందన్న సంగతి దాచేస్తుంది. మైదానంలో అదే బంతి హోల్ అంచు తాకి తిరిగి బయటికి దూకుతుంది. నెమ్మదిగా వచ్చే బంతికి హోల్ వెడల్పంతా పనికొస్తుంది, దూసుకొచ్చే బంతికి నడిమి భాగం మాత్రమే. నాసాలో పనిచేసి గోల్ఫ్ బోధనలోకి వచ్చిన డేవ్ పెల్జ్ దీన్ని పరీక్షించి, హోల్ తప్పిన బంతి సుమారు 17 అంగుళాలు దాటి ఆగేంత వేగం మేలని తేల్చాడు.

అమ్మాయి ఆరో అడుగు దగ్గర రూపాయి బిళ్ల పెట్టింది. దానికి అడుగున్నర అవతల దారప్పోగు అడ్డంగా పరిచింది. బంతి బిళ్ల మీదుగా పోవాలి, దారం దాటకుండా ఆగాలి. మొదటిది బిళ్లకి ముందే ఆగిపోయింది. తర్వాతిది దారం దాటి దిండుకి తగిలింది. ఇక పటర్ వెనక్కి తీసే దూరం కొంచెం కొంచెంగా మారుతోంది, ఊపు లయ మాత్రం మారడం లేదు. బంతులు బిళ్లకీ దారానికీ మధ్య ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. హాల్లో ఎవరూ మాట్లాడటం లేదు.

ఇల్లు నేర్పలేనిదీ ఉంది. జంపఖానాకి వాలు లేదు, మంచు తడి లేదు. మన దగ్గర వేడికి తట్టుకునే బెర్ముడా గడ్డి గ్రీన్లు ఎక్కువ, గడ్డి వాలిన వైపుకి బంతి లాగుతుంది. ఆ చదువు మైదానంలోనే వస్తుంది. కానీ అనుకున్న దిక్కున, అనుకున్న వేగంతో బంతిని పంపలేని వాళ్లకి వాలు ఎంత బాగా చదివినా ఉపయోగం లేదు. పట్ తప్పితే కన్ను తప్పిందో చెయ్యి తప్పిందో తెలియదు. ఇంట్లో చెయ్యి స్థిరపడితే మైదానంలో నేర్చుకోవాల్సింది గ్రీన్ చదవడమే.

పటర్ ఆడే ఈ సగం ఆటకి ఎంత బలముందో 2021 ఆగస్టు 7న దేశం చూసింది. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, ప్రపంచ ర్యాంకు 200, కొవిడ్ నుంచి కోలుకుని వచ్చి బలం తగ్గిన దశలో ఆడింది. తనతో ఆడిన వాళ్లు డ్రైవర్‌తో ఆమెను చాలా దూరం దాటిపోయారు. ఆమె పటర్‌తో వాళ్లని పట్టుకుంటూ వచ్చింది. తల్లి క్యాడీగా బ్యాగు మోసింది. చివరి గ్రీన్ మీద, పార్ కన్నా ఒక దెబ్బ తక్కువలో ముగించే బర్డీ పట్ పడలేదు, ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారి నాలుగో స్థానం. అప్పటిదాకా గోల్ఫ్ చూడని ఇళ్లు కూడా ఆ పొద్దున ఆ బంతిని ఊపిరి బిగబట్టి చూశాయి.

పిల్లల్ని గోల్ఫ్‌లో పెట్టాలనుకునే తల్లిదండ్రులకి నా మాట ఒకటే. క్లబ్బు సభ్యత్వం గురించీ, ఖరీదైన సెట్ల గురించీ తర్వాత ఆలోచించండి. ముందు పిల్లల ఎత్తుకి సరిపోయే పటర్ ఒకటి, మంచి బంతి ఒకటి కొనివ్వండి. రోజూ పావుగంట నేల మీద చోటివ్వండి, పక్కన కూర్చుని చూడండి. మైదానానికి వెళ్లే నాటికి సగం ఆట చేతిలో ఉంటుంది.