ప్రైవేటు బంగారు నాణేలు: సికింద్రాబాద్‌లో పదవీ విరమణ పొదుపు

ప్రభుత్వ టంకశాలలు కాకుండా శుద్ధి కర్మాగారాలు, నగల సంస్థలు తయారుచేసి, తూకం, స్వచ్ఛత ముద్రించి అమ్మే బంగారు బిళ్ళలను ప్రైవేటు బంగారు నాణేలు అంటారు. వీటిపై రూపాయల్లో ముఖవిలువ ఉండదు. చెలామణీ నాణేల్లా వీటితో చెల్లింపులు జరపడం కుదరదు. అందులోని బంగారం ఎంత, ఆ ముద్రను మార్కెట్ ఎంత నమ్ముతుంది అన్న రెండింటి మీదే వీటి విలువ ఆధారపడుతుంది. సికింద్రాబాద్ 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం, పాత కంటోన్మెంట్ పట్టణం కూడా. ఇక్కడ పదవీ విరమణ చేసినవారికి గ్రాట్యుటీ, భవిష్యనిధి, సెలవుల నగదు వంటివి ఒక్కసారిగా చేతికి వస్తాయి. ఆ సొమ్ములో కొంత బంగారంలోకి మళ్లించేటప్పుడు నగలు, బిస్కెట్లతో పాటు నాణేలు కూడా పరిశీలనకు వస్తాయి.

స్వరూపం, తూకాలు

మార్కెట్లో అర గ్రాము మొదలు 100 గ్రాముల వరకు నాణేలు దొరుకుతాయి. 24 క్యారెట్ల నాణేలపై 995, 999 లేదా 999.9 అని, 22 క్యారెట్ల వాటిపై 916 అని స్వచ్ఛత ముద్ర ఉంటుంది. వెయ్యి భాగాల్లో మేలిమి బంగారం ఎన్ని భాగాలో ఈ అంకె చెబుతుంది. 10 గ్రాముల 995 నాణెంలో 9.95 గ్రాముల మేలిమి ఉంటే, 999 నాణెంలో 9.99 గ్రాములు ఉంటుంది.

నేటి నాణేల తూకాల్లో పాత అలవాట్లు కనిపిస్తాయి. బ్రిటిష్ సవరను బరువు 7.98 గ్రాములు, స్వచ్ఛత 22 క్యారెట్లు. ఆంధ్ర ప్రాంతంలో కాసు అంటే ఎనిమిది గ్రాములుగా లెక్కించడానికి ఆధారం ఇదే. 8 గ్రాముల నాణెం ఇప్పటికీ అమ్ముడవుతోంది. తెలంగాణలో తులం లెక్క ఎక్కువ. పాత తులం 11.66 గ్రాములు కాగా, ఇప్పటి దుకాణాల్లో తులమంటే 10 గ్రాములే. పాత కాగితాల్లో తులాల లెక్క ఉంటే ఈ తేడా గమనించాలి. నాణేలను గుచ్చి చేయించుకునే కాసులపేరు నగగానూ పొదుపుగానూ ఉపయోగపడేది.

చరిత్ర

హైదరాబాద్ టంకశాలను 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో సుల్తాన్ షాహీలో నెలకొల్పారు. 1806లో ఆయన పేరు మీదే సికింద్రాబాద్‌కు ఆ పేరు వచ్చింది. టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. నిజాం రాజ్యంలో అష్రఫీ అనే బంగారు నాణేన్ని ముద్రించేవారు.

స్వతంత్ర భారతంలో బంగారంపై ఆంక్షలు 1963 జనవరిలో మొదలయ్యాయి. అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ హయాంలో 14 క్యారెట్లకు మించిన నగల తయారీని నిషేధించడంతో స్వర్ణకారులు ఉపాధి కోల్పోయారు. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం వ్యక్తులు కడ్డీల రూపంలో బంగారం ఉంచుకోవడాన్ని నిషేధించి, నాణేలపైనా ఆంక్షలు పెట్టింది. ఆ రోజుల్లో మధ్యతరగతి కుటుంబాలు చట్టబద్ధంగా బంగారం దాచుకోవడానికి నగలే దారి. 1990 జూన్‌లో ఆ చట్టం రద్దయ్యాకే నేటి నాణేల వ్యాపారానికి తలుపులు తెరుచుకున్నాయి.

తర్వాతి కాలంలో బ్యాంకులు విదేశాల నుంచి తెప్పించిన నాణేలను సీలు వేసిన కార్డుల్లో అమ్మాయి. 2013లో కరెంటు ఖాతా లోటు పెరగడంతో నాణేల దిగుమతిని రిజర్వు బ్యాంకు ఆపేసింది. 2015 ఫిబ్రవరిలో దిగుమతిపై నిషేధం తొలగినా, బ్యాంకుల అమ్మకాలపై ఆంక్షలు అప్పట్లో కొనసాగాయి. అశోక చక్రం, గాంధీజీ బొమ్మ ఉన్న ఇండియన్ గోల్డ్ కాయిన్ 2015 నవంబరు 5న విడుదలైంది. ప్రభుత్వ టంకశాలలో తయారైన దీనిపైనా రూపాయల విలువ ఉండదు.

నగరంలో అమ్మకాలు

సికింద్రాబాద్‌లో జనరల్ బజార్, పాట్ మార్కెట్, మహాత్మా గాంధీ రోడ్డు పరిసరాలు బంగారం వ్యాపారానికి పేరుపడ్డాయి. కొనుగోలుదారు ముందు సాధారణంగా మూడు రకాల నాణేలు ఉంటాయి. శుద్ధి కర్మాగారం ముద్రతో సీలు కార్డులో వచ్చేవి మొదటి రకం. హర్యానాలోని ఎంఎంటీసీ-పాంప్ నాణేలు ఇందుకు ఉదాహరణ. ప్రభుత్వ సంస్థ ఎంఎంటీసీ, స్విస్ సంస్థ పాంప్ కలిసి 2008లో ఈ కంపెనీని స్థాపించాయి. నగల గొలుసు సంస్థలు తమ ముద్రతో అమ్మేవి రెండో రకం. స్థానిక వ్యాపారులు లక్ష్మీదేవి, వేంకటేశ్వరుడి బొమ్మలతో చేయించి అమ్మేవి మూడో రకం.

2022 డిసెంబరులో పక్కనే ఉన్న బేగంపేటలో గోల్డ్‌సిక్కా సంస్థ బంగారు ఏటీఎం తెరిచింది. కార్డు పెడితే అర గ్రాము నుంచి 100 గ్రాముల వరకు నాణేలు ఇచ్చే ఆ యంత్రం దేశమంతటా వార్తలకెక్కింది. ధనత్రయోదశి, అక్షయ తృతీయలకు నాణేల కొనుగోళ్లు బాగా పెరుగుతాయి.

నెలనెలా కట్టే నగల పథకాల ద్వారా నాణెం కొనేవారూ ఉన్నారు. ఈ పథకాలు ఎక్కువగా 11 నెలలకే ఉండటానికి చట్టపరమైన కారణం ఉంది. కంపెనీల చట్టం కింది నియమాల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సర్దుబాటు చేస్తే దాన్ని డిపాజిట్‌గా పరిగణించరు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా ఈ పథకాలకు లేదు.

స్వచ్ఛత, హాల్‌మార్క్

2021 జూన్ 23 నుంచి దశలవారీగా నగలకు హాల్‌మార్క్ తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) లేకుండా, ఆ నిబంధన వర్తించే నగలు అమ్మకూడదు. అయితే కడ్డీలు, రేకులు, నాణేల రూపంలోని బంగారాన్ని ఈ తప్పనిసరి ఉత్తర్వు నుంచి మినహాయించారు. 995, 999 నాణేలకు హాల్‌మార్క్ వేసే అధికారం భారతీయ ప్రమాణాల సంస్థ అనుమతి పొందిన శుద్ధి కర్మాగారాలకు, టంకశాలలకే ఉంది. నగకు ఉన్న రక్షణ నాణేనికీ ఉంటుందని అనుకోవడం పొరపాటు.

గీటురాయి పరీక్ష పైపొర గురించే చెబుతుంది. దుకాణాల్లోని ఎక్స్‌రే యంత్రమూ ఉపరితలానికి దగ్గరగా ఉన్న లోహాన్నే కొలుస్తుంది. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది దాదాపు 19.25. అందువల్ల లోపల టంగ్‌స్టన్ నింపి పైన మందంగా బంగారు పూత పూస్తే తూకంతో, కొలతతో పట్టుకోవడం కష్టం. కొలిమిలో పుటం పెట్టి చేసే పరీక్ష కచ్చితమైనదే కానీ, అందుకు నాణెంలో కొంత కత్తిరించి కరిగించాలి. సీలు కార్డు, దాని మీది నంబరు, బిల్లు చెక్కుచెదరకుండా ఉంటే అమ్మకం సులువవుతుంది.

కొన్న ధర, అమ్మిన ధర

నాణేనికి నగకున్నంత తరుగు, మజూరీ ఉండవు. తయారీ చార్జీ మాత్రం ఉంటుంది. నాణెం చిన్నదయ్యే కొద్దీ గ్రాముకు పడే చార్జీ పెరుగుతుంది. 2017 జూలై 1 నుంచి బంగారంపై 3 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు ఈ రెండూ వెనక్కి రావు.

ఊహాత్మకంగా గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 10 గ్రాముల నాణెంలో బంగారం విలువ 1,00,000. తయారీ చార్జీ 5 శాతమైతే 1,05,000, దానిపై 3 శాతం జీఎస్టీ 3,150 కలిపి 1,08,150 చెల్లించాలి. అదే రోజు 2 శాతం కోతతో అమ్మితే వచ్చేది 98,000. బంగారం ధర పది శాతానికి పైగా పెరిగితే గానీ అసలు చేతికి రాదు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు తాము అమ్మిన నాణేలను తిరిగి కొనకూడదు. నగల దుకాణాలు తమ సొంత నాణేలకు, అందులోనూ నగలతో మార్పిడికి, మెరుగైన ధర ఇవ్వడం పరిపాటి. ఇతర సంస్థల నాణేనికి నగదు అడిగితే పరీక్ష పేరిట, కరిగింపు పేరిట కోత పడవచ్చు. తిరిగి కొనే షరతును కొనేరోజే రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

పన్నులు, రికార్డులు

2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు, నాణెం 24 నెలలకు మించి దగ్గరుంటే లాభంపై 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను వర్తిస్తుంది. ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. 24 నెలల లోపే అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. కొనుగోలు విలువ రెండు లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి. వ్యాపారి రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదు.

ఆదాయపన్ను సోదాల్లో వివాహితకు 500 గ్రాములు, అవివాహితకు 250, పురుషుడికి 100 గ్రాముల వరకు జప్తు చేయవద్దన్న 1994 మే నాటి సూచన బాగా ప్రచారంలో ఉంది. అది నగలకు సంబంధించినదే. నాణేలకు, బిస్కెట్లకు బిల్లే ఆధారం. వారసత్వంగా వచ్చిన నాణెంపై అందుకున్నప్పుడు పన్ను లేదు. అమ్మినప్పుడు మాత్రం పెద్దలు కొన్న ధర, తేదీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల బిల్లులను నాణేలతో పాటు తర్వాతి తరానికి అప్పగించాలి.

తాకట్టు, భద్రత

రిజర్వు బ్యాంకు 2025 జూన్ ఆదేశాల ప్రకారం రుణ సంస్థలు ఒక రుణగ్రహీత నుంచి నగలు ఒక కిలో వరకు, బంగారు నాణేలు 50 గ్రాముల వరకే తాకట్టు పెట్టుకోవాలి. బిస్కెట్లు, కడ్డీలపై రుణం ఇవ్వకూడదు. వైద్యం వంటి అత్యవసరాలకు తాకట్టు మీద ఆధారపడదలచిన వృద్ధులకు ఇది ముఖ్యమైన పరిమితి.

2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి కారణాలతో లాకరులోని సొత్తు పోతే బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే పరిహారం మూడు లక్షలకు మించదు. లాకరుకు నామినీని నమోదు చేయించకపోతే కుటుంబ సభ్యులకు ఇబ్బందులు తప్పవు.

రాబడి, ప్రత్యామ్నాయాలు

దీర్ఘకాలంలో రూపాయి బలహీనపడటం మన దేశంలో బంగారం ధరకు కలిసొచ్చింది. 2015 నవంబరులో గ్రాము 2,684 రూపాయలకు జారీ అయిన తొలి సార్వభౌమ పసిడి బాండ్లను 2023 నవంబరులో 6,132 రూపాయల చొప్పున తిరిగి చెల్లించారు. అయితే ఏ ఏడాది కొన్నారన్నది కీలకం. 1980 జనవరిలో అంతర్జాతీయంగా ఔన్సు 850 డాలర్లు తాకిన బంగారం మళ్లీ ఆ ధర చూసింది 2008లో. 2011లో 1,900 డాలర్ల దాకా వెళ్లి, 2015 చివరికి 1,050 దగ్గరకు జారింది. అరవై ఏళ్లు దాటినవారికి అంతకాలం వేచి చూసే వీలు ఉండకపోవచ్చు.

నాణెం వడ్డీ ఇవ్వదు. నెలవారీ ఖర్చుకు దాన్ని అమ్మాల్సిందే. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల రూపాయల దాకా పెట్టుబడికి వీలుంది, మూడు నెలలకోసారి వడ్డీ అందుతుంది. ధర పెరుగుదల మాత్రమే కావాలనుకునేవారికి 2007 నుంచి గోల్డ్ ఈటీఎఫ్‌లు ఉన్నాయి. వాటికి తయారీ చార్జీ, లాకరు అవసరం లేవు కానీ, వార్షిక నిర్వహణ రుసుము ఉంటుంది. పసిడి బాండ్ల కొత్త జారీ 2024 ఫిబ్రవరి విడతతో ఆగింది. నియంత్రణ లేని డిజిటల్ గోల్డ్ విషయంలో జాగ్రత్తగా ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది.

అమెరికాలోని తెలుగువారికి

భారత్‌లో సొంతంగా కొని దాచుకున్న నాణేలకు పదవీ విరమణ ఖాతా హోదా లేదు. అమెరికాలో మాత్రం 1997 చట్టం తర్వాత వ్యక్తిగత పదవీ విరమణ ఖాతా ద్వారా కనీసం 995 స్వచ్ఛత గల బంగారం కొనవచ్చు. దాన్ని అనుమతి పొందిన సంరక్షక సంస్థ దగ్గరే ఉంచాలి. ఖాతా పేరుతో కొన్న నాణేలను ఇంట్లో పెట్టుకున్న ఒక దంపతుల కేసులో, దాన్ని సొమ్ము వెనక్కి తీసుకోవడంగానే పరిగణించి పన్ను చెల్లించాలని 2021లో అక్కడి పన్ను న్యాయస్థానం తీర్పిచ్చింది.

అంచనా

ప్రైవేటు బంగారు నాణెం విలువను దాచిపెట్టే సాధనమే తప్ప పింఛను కాదు. నెలవారీ ఆదాయానికి, వైద్య ఖర్చులకు ఏర్పాటు పూర్తయ్యాక మిగిలిన సొమ్ములో కొద్ది భాగానికే అది తగుతుంది. కొనేవారు శుద్ధి కర్మాగారం ముద్ర, హాల్‌మార్క్, జీఎస్టీ బిల్లు, తిరిగి కొనే షరతు చూసుకోవాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఆ నష్టం అమ్మేరోజు ధరలో తేలుతుంది.