బొమ్మ కింద బొమ్మ, ఆదోని మీదుగా

పాత పెయింటింగుని ఎక్స్-రే తీస్తే కింద ఇంకో మొహం బయటపడిందని అప్పుడప్పుడూ వార్తల్లో చదువుతుంటాం. ఇందులో మాయేమీ లేదు. అప్పటి చిత్రకారులు వాడిన తెల్లరంగులో సీసం ఉండేది. సీసం ఎక్స్-కిరణాల్ని ఆపేస్తుంది కాబట్టి, పైన ఎన్ని పూతలేసినా అడుగున్న మొహం ఫిల్ము మీద తేలుతుంది. ఇప్పటి స్కానర్లయితే సీసానికో మ్యాపు, పాదరసానికో మ్యాపు విడివిడిగా గీసిచ్చేస్తాయి.

వీటిల్లో నాకు బాగా నచ్చింది గోయా కథ. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఆయన 1823లో వేసిన ఒక జడ్జిగారి బొమ్మ ఉంది. 2011లో దాన్ని స్కాన్ చేస్తే కింద పతకాలు పెట్టుకున్న యూనిఫాం మనిషి కనబడ్డాడు. ఆ పతకం నెపోలియన్ అన్న జోసెఫ్ స్పెయిన్‌ని ఏలినప్పుడు పెట్టినది. 1813లో జోసెఫ్ పారిపోయాడు, పాత రాజు తిరిగొచ్చాడు. ఇక ఆ బొమ్మ దగ్గరుంటే ప్రమాదమే కదా! అందుకే గోయా దానిమీద ఇంకో బొమ్మ వేసేసుంటాడని నిపుణుల ఊహ.

రాజ్యం మారితే మొహాలు మాయమవడం మా కర్నూలు జిల్లాకీ తెలుసు. ఆదోని కోట బిజాపూర్ సుల్తానుల కింద ఉన్నప్పుడు అక్కడి గవర్నరు సిద్దీ మసూద్ ఖాన్, ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. ఊళ్ళో షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. 1686లో బిజాపూర్ పడిపోయింది, 1689 నాటికి ఆదోని కూడా ఔరంగజేబు సేన చేతికొచ్చింది. ఆ సేనలో బికనీర్ రాజు అనూప్ సింగ్ ఉన్నాడు. 1698లో ఆయన చనిపోయింది కూడా ఆదోనిలోనే. బికనీర్ రాజుల దగ్గరున్న దక్కనీ చిత్రాల్లో చాలావరకు అలా ఆదోని నుంచి వెళ్ళినవేనని కళాచరిత్రకారుల అభిప్రాయం.

మన భాషలో చెప్పాలంటే గోయాది ఓవర్‌రైట్ కేసు. పాత డేటా అడుగునే ఉంది, రికవర్ చేశారు. ఆదోనిది ఫైళ్ళన్నీ వేరే సర్వర్‌కి మూవ్ చేసిన కేసు. ఆ బొమ్మల్ని ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఏ రంగులో ఏ ఖనిజముందో తెలుస్తుందేగానీ, ఏ కోటలోంచి ఎవరు పట్టుకెళ్ళారో తెలీదు. అది ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాల్సిందే. లేబుల్ మీద దక్కన్ అనో, బిజాపూర్ అనో ఉంటుంది. వేసింది అక్కడే కావచ్చు కూడా. కానీ మధ్యలో మజిలీ ఒకటుంది, మనం దాన్ని పత్తి మార్కెట్టుగానే గుర్తుపెట్టుకున్నాం.

అందుకని ఈసారి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో మ్యూజియానికి వెళ్తే, దక్కనీ బొమ్మ పక్కనున్న చిన్నక్షరాలు కూడా చదవండి. బికనీర్ అన్న మాట కనిపిస్తే, ఆదోని సంగతి ఒకసారి అడిగి చూడండి :)