మన్యంలో పని గాయాల నమోదు: చింతపల్లి రోడ్డు నుంచి విశ్వవిద్యాలయ క్షేత్రం వరకు

చింతపల్లి అనగానే చరిత్ర విద్యార్థికి 1922 ఆగస్టు 22 గుర్తుకు వస్తుంది. ఆ రోజు అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో అక్కడి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి తుపాకులు, మందుగుండు తీసుకువెళ్లాడు. ఈ తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో అటవీ చట్టాలు, పోడు వ్యవసాయంపై ఆంక్షలు, ముఠాదారుల హక్కుల కుదింపు గురించి మీరు ఇదివరకే చదివి ఉంటారు. వాటి పక్కనే మరో కారణం ఉంది. నర్సీపట్నం, చింతపల్లి మధ్య ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత అతి తక్కువ కూలికి బలవంతంగా పని చేయించాడు.

రోడ్డు పని అంటే బండలు పగలగొట్టడం, చెట్లు నరకడం, ఏటవాలు కొండను తొలచడం. దెబ్బలు తగలకుండా సాగే పని కాదది. అయినా ఈ తిరుగుబాటును వివరించే పుస్తకాలలో సాధారణంగా కూలి రేటు కనిపిస్తుంది, నలిగిన చేయి కనిపించదు. ఇందుకు కారణం చరిత్రకారుల అశ్రద్ధ మాత్రమే కాదు. కూలి ఇచ్చేటప్పుడు లెక్క రాయాలి. గాయానికి లెక్క రాయవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

అప్పటి చట్టం ఎలా ఉండేదో చూడండి. పనిలో గాయపడిన మనిషి యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేస్తూ సివిల్ కోర్టులో దావా వేయాలి. చనిపోతే అతని కుటుంబానికి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉంది. అదీ దావా మార్గమే. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలనైతే 1839 నాటి చట్టంతోనే సాధారణ కోర్టుల పరిధి నుంచి తప్పించి, జిల్లా కలెక్టరును ఏజెంటుగా పెట్టి ఆయన పాలన కిందకు తెచ్చారు. కాబట్టి రోడ్డు వేయించేదీ ప్రభుత్వమే, ఫిర్యాదు వినేదీ అదే ప్రభుత్వ అధికారి. కాలు విరిగిన కూలీ ఆ అధికారి దగ్గరకు నడిచి వెళ్లగలడా అన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

1923 చట్టం తెచ్చిన మార్పు

తిరుగుబాటు సాగుతుండగానే, 1923 మార్చిలో, కార్మికుల నష్టపరిహార చట్టం ఆమోదం పొందింది. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. ఆ తరువాత రెండు నెలలు తిరగకుండానే, 1924 జూలై 1న, ఈ చట్టం అమలులోకి వచ్చింది. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. అది యాదృచ్ఛికమే. చట్టం వెనుక ఉన్నవి రైల్వేలు, గనులు, మిల్లులు. కొండ కూలీని దృష్టిలో పెట్టుకుని రాసినది కాదు.

అయితే ఇందులోని ప్రధాన సూత్రం చాలా కొత్తది. ప్రమాదం ఉద్యోగం వల్ల, ఉద్యోగ సమయంలో జరిగితే చాలు, యజమాని తప్పు ఉందని రుజువు చేయనక్కరలేదు. మొదట్లో గాయం వల్ల పది రోజులకు మించి పని పోతేనే పరిహారం దక్కేది. ఆ గడువు 1933లో ఏడు రోజులకు, 1959లో మూడు రోజులకు తగ్గింది.

తప్పు రుజువు చేసే భారం పోయింది గాని దాని స్థానంలో మరో భారం వచ్చింది. ప్రమాదం జరిగిందని తెలియజేయాలి, గడువులోగా క్లెయిము పెట్టాలి. మొదటి గడువు ఆరు నెలలు. తరువాతి సవరణలతో అది రెండేళ్లయింది. పదో సెక్షన్ ప్రకారం గాయపడినవాని పేరు, గాయానికి కారణం, తేదీ నోటీసులో ఉండాలి. యజమాని నోటీసు పుస్తకం ఒకటి ఉంచాలని, గాయపడినవారికీ వారి తరఫువారికీ అది అందుబాటులో ఉండాలని ప్రభుత్వం ఆదేశించవచ్చు. చదువు రాని కూలీకి ఈ పుస్తకం ఏం ఉపయోగం అని మీరు అడగవచ్చు. చట్టం కూడా ఆ ఇబ్బందిని కొంత గుర్తించింది. యజమానికి గాని, ఆ పనిని నిర్వహించే బాధ్యుడికి గాని ప్రమాదం జరిగిన దరిదాపుల్లోనే సంగతి తెలిసి ఉంటే, నోటీసు లేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చరాదు. పని చోటనే మరణం సంభవిస్తే కూడా అంతే. మన్యంలో తరచు జరిగేది వేరు. దెబ్బ తగిలిన మనిషిని డోలీలో సొంత గూడేనికి మోసుకుపోతారు. నెల తరువాత అతడు అక్కడ చనిపోతే పని చోట మరణానికి ఇచ్చిన మినహాయింపు వర్తించదు. ‘మేస్త్రీకి ఆ రోజే తెలుసు’ అని చెప్పగల సాక్షి కావాలి.

1933 సవరణ ఇంకో అడుగు వేసింది. పనిలో ఒకరు మరణించారని ‘ఏ మూలం నుంచైనా’ సమాచారం అందితే, కమిషనర్ యజమానికి నోటీసు పంపి ముప్పై రోజుల్లో వివరణ కోరవచ్చు. నా దృష్టిలో ఈ చట్టం మొత్తంలో కొండ ప్రాంతానికి అన్నింటికన్నా పనికివచ్చే మాట అదే. ఉపాధ్యాయుడు రాసిన పోస్టుకార్డు కూడా ఒక మూలమే.

కొండల్లో పెద్ద పనులు

స్వాతంత్ర్యం తరువాత ఈ కొండల్లోకి వచ్చిన పనుల స్థాయి మారిపోయింది. ఆంధ్ర, ఒరిస్సాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960లలో కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం వేశారు. అరకు వెళ్లే ప్రయాణికులు లెక్కపెట్టుకునే సొరంగాలన్నీ పేలుడు మందుతో, మనుషుల చేతులతో తొలచినవే.

ఇలాంటి పనుల్లో యజమాని ఎవరు? కూలీకి తెలిసింది మేస్త్రీ, అతని పైన కాంట్రాక్టరు. పన్నెండో సెక్షన్ దీనికి సమాధానం ఇస్తుంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినా, పరిహారం చెల్లించే బాధ్యత అసలు యజమానిదే. ఆ సొమ్మును అతడు కాంట్రాక్టరు నుంచి తరువాత రాబట్టుకోవచ్చు. సరిహద్దు దాటి వచ్చిన కూలీల విషయంలో 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మరింత స్పష్టంగా ఉండేది. మరణం లేదా తీవ్ర గాయం సంభవిస్తే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకూ, దగ్గరి బంధువుకూ తెలియజేయవలసి ఉండేది. ఈ చట్టానికి ముందు 1975లో ఒరిస్సా తన దాదన్ కూలీల కోసం చేసుకున్న చట్టం ఉందని గుర్తుంచుకోండి.

విశ్వవిద్యాలయం యజమాని అయినప్పుడు

సీతారామరాజు దాడి చేసిన చింతపల్లిలోనే నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధనా స్థానం ఉంది. ఎత్తయిన గిరిజన మండలానికి తగిన పంటలపై అక్కడ పరిశోధనలు జరుగుతాయి. ఈ స్థానంలో ఏదో జరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. విశ్వవిద్యాలయం అంటే తరగతి గదులే కావని, పొలం, ట్రాక్టరు, స్ప్రేయరు, ప్రయోగశాల, బస్సు కూడా అని గుర్తు చేయడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

విశ్వవిద్యాలయం ‘పరిశ్రమ’ అవుతుందా అన్న వాదం న్యాయస్థానాలలో చాలాకాలం నడిచింది. 1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయ బస్సు డ్రైవర్ల కేసులో సుప్రీంకోర్టు కాదంది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఇవి ఉద్యోగం నుంచి తొలగింపు వంటి వివాదాలకు సంబంధించిన 1947 చట్టం కింద వచ్చిన తీర్పులు. విద్యార్థులు ఇక్కడ తరచు పొరబడతారు. నష్టపరిహార చట్టం యజమాని పరిశ్రమా కాదా అని అడగదు. గాయపడినవాడు చేస్తున్న పని రెండో షెడ్యూలులో ఉందా అని అడుగుతుంది. కాలక్రమంలో చెట్లు నరకడం, ట్రాక్టరు సేద్యం, పురుగుమందులు చల్లడం వంటివి ఆ పట్టికలో చేరాయి. అందుకే ప్రమాదాల రిజిస్టరులో ‘పొలంలో పడిపోయాడు’ అని రాస్తే సరిపోదు. ‘మందు చల్లుతుండగా కళ్లు తిరిగి పడ్డాడు’ అని రాసి, ఏ మందో కూడా రాయాలి. ఆస్పత్రి చీటీలోనూ అదే మాట ఉండాలి. మొదటి చీటీలో ‘జ్వరం’ అని పడితే తరువాత దిద్దడం కష్టం.

ఇంకో చిక్కు ఉంది. తీవ్ర ప్రమాదాన్ని ఏడు రోజుల్లో కమిషనర్‌కు నివేదించాలని చెప్పే సెక్షన్, వేరే చట్టం ప్రకారం ఇప్పటికే అధికారులకు తెలియజేయవలసిన చోట్లకే వర్తిస్తుంది. ఫ్యాక్టరీ, గని అలాంటివి. పరిశోధనా పొలానికి అలాంటి మరో చట్టం వర్తించకపోతే ఈ ఏడు రోజుల నియమం అక్కడికి చేరదు. అప్పుడు మిగిలేవి పదో సెక్షన్ నోటీసు, మేస్త్రీకి తెలిసిన సంగతి, ‘ఏ మూలం నుంచైనా’ అన్న ఆ మాట.

1923 చట్టం పేరు 2010 జనవరిలో ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి దాని స్థానాన్ని తీసుకుంది. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం తేలితే, పని ప్రమాదంగానే చూడాలని ఈ స్మృతి చెబుతోంది. వాగు దాటి, ఘాట్ రోడ్డు ఎక్కి కూలికి వచ్చేవారికి ఈ నియమం ఏ మేరకు అందుతుందో ఇకముందు వచ్చే కేసుల్లో తేలవలసి ఉంది.